గోడ మీద పాస్‌వర్డు

పాస్‌వర్డు ఎక్కడా రాసిపెట్టుకోవద్దు అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మొన్న బ్యాంకులో ఒకాయన అదే మాట అన్నాడు. అక్కడితో ఆగాడా? వీపీఎన్ పెట్టుకోండి మేడం, బయట వైఫై వాడినా మీ వివరాలు ఎవరికీ దొరకవు అని పాఠం మొదలుపెట్టాడు. వీపీఎన్ గురించి నాకు చెప్తున్నావా నాయనా అనుకున్నాను. బోధన్‌లో ఆ పేరు పలికిన మొదటి నలుగురిలో నేనొకదాన్ని. అదేదో గొప్పని కాదు. దాని మూలంగా నేను చేసిన పని వింటే మీకు నా మీద కోపమే వస్తుంది.

రెండువేల ఐదో ఆరో. డిగ్రీ అయి నాలుగేళ్లు ఇంట్లో ఖాళీగా కూర్చున్నాక నాకొక ఉద్యోగం దొరికింది. ఎక్కడో విదేశాల్లో డాక్టర్లు తమ రోగుల గురించి మాట్లాడి రికార్డు చేస్తారు, అది విని నేను టైపు చేయాలి. కంపెనీ హైదరాబాదులో ఉంది, పని మాత్రం ఇంటి నుంచే. ఆరు నెలలు ఏ తప్పూ రాకుండా చేస్తే పర్మినెంటు చేస్తామన్నారు. అప్పటికి నిజామాబాద్‌లో రెండు స్కూళ్లలో, ఒక మందుల ఏజెన్సీలో అడిగి లేదనిపించుకుని వచ్చినదాన్ని. ఇది కూడా పోతే ఇంక మళ్లీ దొరకదని నాకు గట్టిగా తెలుసు.

శిక్షణ ఇచ్చిన సారు మాకు వీపీఎన్ అంటే ఏమిటో చెప్పాడు. ఇంటర్నెట్ అంటే నలుగురూ నడిచే బజారు. రోగుల సంగతులు ఆ బజార్లో పడేయకూడదు. అందుకని మీ ఇంటికీ మా ఆఫీసుకీ మధ్య ఒక మూసిన దారి వేస్తాం, దాని తాళంచెవి మీ పాస్‌వర్డు అన్నాడు. ఇంటికొచ్చి బాపుకు చెప్తే వెంటనే అందుకున్నాడు.

"గంతే గద. కాలువ తూముకు తాళమేసినట్టు. తాళంసెయ్యి మన దగ్గర్నే ఉండాలె."

ఆ ఒక్క మాటా సరిగ్గానే అర్థం చేసుకున్నాడు. తంటా అంతా తాళంచెవి ఎక్కడ పెట్టాలన్న దగ్గర వచ్చింది.

బాపు చక్కెర ఫ్యాక్టరీ కాటా దగ్గర చెరుకు బండ్లు తూయించి తూయించి రిటైరైన మనిషి. ఆ తర్వాత మా ముందు గదిలో ఎస్టీడీ బూతు పెట్టాడు. ఆ గదిలో ఫోనుకన్నా ముఖ్యమైనది గోడ. మా వాడకట్టులో సగం మంది చదువు రానివాళ్లు. ఎవరికి నంబరు వచ్చినా ఆ చీటీ తెచ్చి బాపుకిచ్చేవారు, ఆయన పెన్సిలుతో గోడ మీద ఎక్కించేవాడు. చీటీ చిరుగుతుంది, తడుస్తుంది, గోడ ఎక్కడికి పోతుందని ఆయన వాదన. చీటీ అక్కడే చెత్తబుట్టలో పడేది. కొన్ని నంబర్ల పక్కన పేర్లుండేవి, చాలావాటికి ఉండేవి కావు. ఎవరి నంబరు ఏ మూల ఉందో వాళ్లకు తెలుసు. వచ్చి వేలు పెట్టి చూపించేవారు, బాపు కలిపేవాడు.

ఆ వేళ్లలో ఒకటి మా వెనక గల్లీ అవ్వది. ప్రతి ఐతారం చర్చిలో ఆరాధన కాగానే తెల్లచీర కొంగు సర్దుకుంటూ నేరుగా మా బూతుకే వచ్చేది. ఆమె బిడ్డను భివండీలో మగ్గాల మీద పనిచేసే అతనికిచ్చారు. ఆ బిడ్డ ఇంటి పక్కన ఒక కిరాణా దుకాణం, ఆ దుకాణం నంబరు మా గోడ మీద ఫ్యాను స్విచ్చు కింద. అవ్వ ఫోను చేసే వేళకు ఆ పిల్ల వచ్చి దుకాణం దగ్గర నిలబడి ఉండేది. ఎప్పుడూ అవ్వే చేసేది. మా బూతు నంబరు ఆ పిల్ల దగ్గర లేదు, కావాలని ఎవరికీ తోచనూ లేదు. ఆ ఏడు ఆమెకు నెలలు నిండుతున్నాయి.

ఇక నా తాళంచెవి సంగతి. నెలనెలా పాస్‌వర్డు మార్చాలి. అక్షరాలుండాలి, అంకెలుండాలి, అర్థం మాత్రం ఉండకూడదు. మూడుసార్లు తప్పు కొడితే తలుపు మూసుకుంటుంది, హైదరాబాదులో సారు తెరిచేదాకా కూర్చోవాలి. పని గదిలో కాగితం, పెన్ను కంటికి కనపడకూడదు. ఇన్ని నిబంధనలు రాసినవాడెవడో గాని, వాడికి కరెంటు పోయే ఊరు ఒక్కటీ తెలిసి ఉండదు. కరెంటు పోతే కనెక్షన్ పోతుంది, మళ్లీ పాస్‌వర్డు. వోల్టేజీ పడిపోతే పోతుంది, మళ్లీ పాస్‌వర్డు. కంప్యూటరు మూలన రెండు చిన్న కంప్యూటర్ల బొమ్మ వెలిగితే కనెక్షన్ ఉన్నట్టు. రోజుకు పదిసార్లు ఆరిపోయే ఆ బొమ్మను చూసి నేను పళ్లు నూరేదాన్ని.

రెండో నెలలో ఒకరోజు కొత్త పాస్‌వర్డు మర్చిపోయాను. మూడుసార్లూ తప్పే. ఆ రోజు పనంతా పోయింది, సారుతో చీవాట్లు పడ్డాయి. వంటింట్లో కూర్చుని ఏడ్చాను. అది బాపు చూశాడు. ఆ నెల నుంచి నేను పాస్‌వర్డు మార్చి, గుర్తుండాలని గొణుక్కుంటూ ఇంట్లో తిరిగితే, ఆయన వినేవాడు. అంతవరకే నాకు తెలుసు.

ఐదో నెల చివర సారు ఫోను చేశాడు. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల గదులు చూడటానికి మనిషిని పంపుతున్నాం, రేపు పొద్దున మీ దగ్గరికి వస్తాడు, ఆయన సరే అంటేనే పర్మినెంటు అన్నాడు. గది తుడిచాను, తలుపు గొళ్లెం చూసుకున్నాను. ముందు గదిలోకొచ్చి ఊరికే గోడకేసి చూశాను. కంఠేశ్వర్‌లో ఎవరి అన్న నంబరుకో, డిచ్‌పల్లి ఆస్పత్రి నంబరుకో మధ్య నా పాస్‌వర్డు కూర్చుని ఉంది. ఒకటి కాదు. నెలనెలాదీ, ఎక్కడ జాగా దొరికితే అక్కడ, పక్కన "బిడ్డ ఆఫీసు" అని రాసి మరీ.

"బాపూ! ఏం పనిది? ఎవ్వరికీ తెల్వద్దని మొత్తుకుంటుంటే బూతుల రాసిపెట్టినవా?"

"కాయిదం మీద రాయొద్దన్నరని నువ్వే అంటివి. కాయిదం మీద రాయలే గద బిడ్డా."

ఆయన ఎకసెక్కానికి అనలేదు. నిజంగానే అన్నాడు. గోడ మీదున్నది పోదు, నువ్వు మల్ల ఏడ్వొద్దని రాసిన అన్నాడు. నాకు కోపం ఆగలేదు. నా నోటికొచ్చిందల్లా అన్నాను. నా బతుకుల మన్నువోసినవ్ అన్నాను. కన్న తండ్రిని ఆ మాట అనొచ్చా? అన్నాను.

"నీయి తుడుస్త తియ్యి," అని తడిగుడ్డ తెచ్చి రుద్దాడు. పెన్సిలు పోలేదు, అలికినట్టయి ఇంకా కొట్టొచ్చినట్టు కనపడింది. "మొత్తం సున్నమెయ్యి," అన్నాను.

"రెండొద్దులు ఆగు. నంబర్లన్ని నోట్‌బుక్కుల దించుకోని ఏస్త."

"రేపు పొద్దుగాల్నే వస్తుండు. రెండొద్దులు ఏడికెల్లి తేవాలె? ఇయ్యాలనే."

ఆయన నా ముఖం చూసి పెన్సిలు అందుకున్నాడు. పేర్లున్న నంబర్లు గబగబా దించుకున్నాడు. పేర్లు లేనివి దించి లాభమేముంది, ఎవరిదో తెలియాలంటే అది గోడ మీదే ఉండాలి. మధ్యాహ్నం గోడంతా గీకి రెండు పూతలు వేశాడు. మోచేతుల దాకా సున్నంతో, గడ్డం మీద సున్నంతో నిలబడి, ఇప్పుడు మంచిగున్నదా అని అడిగాడు. మంచిగుంది అన్నాను.

ఆ వచ్చినాయన పొద్దున టీ తాగాడు, నా గదిలో సొరుగులు తెరిచి చూశాడు, గొళ్లెం లాగి చూశాడు. ముందు గది వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు. పోతూ పోతూ మాత్రం, ఇల్లు భలే శుభ్రంగా ఉంచుకున్నారే, కొత్త సున్నమా అన్నాడు. దానికన్నా ముందు జరిగింది చెప్పాలి. కనెక్షన్ ఎలా ఉందో చూస్తానని నా కంప్యూటరు ముందు కూర్చుని, జేబులోంచి మడతపెట్టిన చీటీ తీశాడు. అందులో చూసి తన పాస్‌వర్డు ఒక్కొక్క అక్షరమే కొట్టాడు. ఆ చీటీ లాక్కుని చింపి ఆయన మొహాన కొట్టాలనిపించింది. థాంక్యూ సార్ అన్నాను.

ఐతారం అవ్వ వచ్చింది. అలవాటుగా వేలు ఎత్తి స్విచ్చు కిందకు చూపించింది. ఆ వేలు తెల్లటి గోడ మీద అలాగే ఉండిపోయింది.

"ఏదయ్యా నా బిడ్డ నంబరు?"

బాపు బిత్తరపోయాడు. సున్నం కింద రాత తేలుతుందేమోనని గోడ తడిపాడు. ఏమీ తేలలేదు. ఆయన గీకి మరీ వేశాడు కదా, నేను చూస్తుండగానే. యాదికొచ్చినట్టు అంకెలు అటూ ఇటూ మార్చి కలిపాడు. ఎవరో మరాఠీలో విసుక్కుని పెట్టేశారు. ఇంకెవరో తిట్టారు.

"ఏం గాదు తియ్యి. నీకే యాదికొస్తది," అని అవ్వ స్టూలు మీద కూర్చుంది. కాసేపు చూసి వెళ్లిపోయింది. పై ఐతారమూ వచ్చింది. ఆ పైనా వచ్చింది. తర్వాత ఐతారమని లేదు, రోజూ వచ్చి కూర్చునేది. కొడుకులు లేరు, భర్త లేడు, ఆ పిల్ల ఒక్కతే. పక్క ఊరు మోస్రా నుంచి భివండీకి పోయినవాళ్లెవరైనా ఉన్నారేమోనని బాపు సైకిలు మీద తిరిగి వచ్చాడు. ఎవరూ దొరకలేదు. ఫోను మోగితే చాలు అవ్వ లేచి నిలబడేది. వెనక గదిలో నేను తలుపు గొళ్లెం పెట్టుకుని, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, ముక్కూమొహం తెలియని ఏ దేశపావిడ కాన్పు వివరాలో తప్పుల్లేకుండా టైపు చేస్తున్నాను. ఆమె సంగతి ఒక్క అక్షరం బయటికి పొక్కకుండా ఎంత కట్టుదిట్టం! బయట స్టూలు మీదున్న ముసలామెకు కన్నకూతురు బతికుందో లేదో తెలియదు. నా మీద నాకే అసహ్యమేసేది. తలుపు తీసి ఆమె పక్కన కూర్చున్నానా అంటే, లేదు.

పర్మినెంటు కాగితం పోస్టులో వచ్చింది. ఆ వారంలోనే, మధ్యాహ్నం పూట, ముందు గదిలోంచి ఎవరో గొంతు చించుకుని ఏడ్చిన శబ్దం హెడ్‌ఫోనులోకి కూడా వినిపించింది. పరుగెత్తాను. గడపలో అవ్వ బిడ్డ. రైలు దిగి, నిజామాబాద్ నుంచి బస్సులో నిలబడి వచ్చిన మనిషి. చంకలో పాత చీరలో చుట్టిన పసిగుడ్డు. తల్లి వాడకట్టుకు ఏడుస్తూ వచ్చి, స్టూలు మీద తల్లి కూర్చుని ఉండటం చూసి కాళ్లు పట్టుకుంది.

"నువ్వు సచ్చిపోయినవనుకున్ననే అవ్వా! పురిటి నొప్పులతోటి దుకాణం కాడ నిలవడ్డ. ఎన్ని ఐతారాలు నిలవడ్డ! ఫోనే రాకపాయె. అవ్వ పోయింది, నాకు చెప్పేటోళ్లు కూడ లేరనుకున్న."

అవ్వ పసిదాన్ని ఒళ్లోకి తీసుకుంది. ఆ పిల్ల కన్నీళ్లు తుడుచుకుని గోడ చూసింది.

"నంబర్లన్ని ఏమైనయి? గోడకు సున్నం ఎవరేసిండ్రు?"

నేను గుమ్మంలోనే ఉన్నాను. నోరు తెరవాలి. తెరవలేదు.

"నేనే ఏసిన బిడ్డా," అన్నాడు బాపు. "ముసలోన్ని. తెలివి, అక్కల్ లేక ఏసిన. మాఫ్ చెయ్యి."

ఆయన బతికున్నన్నాళ్లూ నేను ఆ మాట సరిచేయలేదు. ఆ రోజు మాత్రం వెనక గదిలో కంప్యూటరు టింగుమంది. వోల్టేజీ పడిపోయి కనెక్షన్ తెగిపోయింది, పాస్‌వర్డు అడుగుతోంది. లోపలికి వెళ్లి తలుపు గొళ్లెం పెట్టుకున్నాను. ఒక్క అక్షరం తప్పు పోకుండా కొట్టాను.