పట్టు మీద సుంకం, నా మాట మీద సుంకం

పెనుకొండలో ఒక మధ్యాహ్నం నేను రెండు చిన్న పుస్తకాలతో ఒక పెండ్లిని దాదాపు నేల కూల్చాను. కత్తులు లేచాయి, కోట గోడలు అదిరాయి. సరే, కత్తులు లేవనుకోండి. కాఫీ గ్లాసులు పక్కకు జరిగాయి, అంతే. ఆ చప్పుడే నాకు చాలింది.

రిటైరయ్యాక హిందూపురంలో కూర్చుని ఇంగ్లీషు అర్థశాస్త్రాన్ని తెలుగు చేసేవాణ్ణి. నా అంత అనువాదకుడు సీమలోనే లేడని పేరు. ఆ పేరు పెట్టింది కూడా నేనే. ముందు పట్టుగూళ్ల రైతులు వచ్చారు. చైనా పట్టు మీద సుంకం ఉండాలనే వ్యాసం తెలుగులో కావాలన్నారు. చేసిచ్చాను. ఆ తర్వాత ధర్మవరం నేతగాళ్లు వచ్చారు. సుంకం పోతే దారం చవగ్గా దొరుకుతుంది, స్వేచ్ఛా వాణిజ్యం మీద వ్యాసం కావాలన్నారు. అదీ చేసిచ్చాను. రెండూ చిన్న పుస్తకాలుగా అచ్చయ్యాయి. ఏది తెలుగు చేస్తుంటే అదే పరమసత్యం అనిపించడం నా జబ్బు.

అంతటితో ఆగుంటే మీకీ కథ ఉండేది కాదు. మూలం పథ్యం కూడులా చప్పగా ఉందని ఉప్పూకారం నేనే చల్లాను. ధర్మవరం పుస్తకంలో, "హిందూపురం గూళ్ల రైతు మీసాలొచ్చినా సర్కారు చంక దిగడు" అన్నాను. హిందూపురం పుస్తకంలో, "చైనా దారం చూపిస్తే ధర్మవరం నేతగాడు కన్నతల్లిని మరిచిపోతాడు" అన్నాను. ఈ ఊరి పుస్తకం ఆ ఊళ్లో ఎవరు చదువుతారులే అని ధీమా.

చదివించింది మా మేనకోడలు లత. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో తనతో పనిచేసే రమేష్‌ను చేసుకుంటానంది. లత నాయన, అంటే మా చెల్లెలి మొగుడు రంగప్ప, చిలమత్తూరులో పట్టుపురుగులు పెంచే రైతు. రమేష్ నాయన ఓబులేసుకు ధర్మవరంలో మగ్గాలు. ఒప్పించే పెద్దమనిషిని నేను. ఇద్దరికీ సగం దారి కదా అని పెనుకొండలో తెలిసినవాళ్లింట్లో కూర్చోబెట్టాను.

మాటలు నూనె రాసినట్టు సాగాయి. రంగప్పకు నన్ను పొగడాలనిపించింది. సంచిలోంచి పుస్తకం తీశాడు. "మా బావ రాసింది, చదవన్నా."

"ఈయప్ప మాకూ రాసిచ్చినాడే" అని ఓబులేసు తన పుస్తకం అందించాడు.

ఇద్దరూ ఎదుటివాడి పుస్తకం చదువుతున్నారు; తమది ఏనాడూ తెరిచినట్టు లేరు. నేను కాఫీలో ఈగ పడిందేమోనని శ్రద్ధగా చూస్తున్నాను.

"ఏం బావా, నేను ఎవరి చంకలో ఉండా ఇప్పుడు?" అన్నాడు రంగప్ప.

"మూలంలో అట్ల ఉండాది రంగప్పా."

"ఏమప్పా, పొద్దున మా యమ్మకు సంగటి పెట్టి వచ్చినా" అన్నాడు ఓబులేసు. "మరిచిపోయినానని నీకెవరు చెప్పినారు?"

"అదీ మూలంలోనే."

"ఇంగ్లీషోళ్లకు మా యమ్మ యాడ తెలుసప్పా?"

గ్లాసులు జరిగింది అప్పుడే. రంగప్ప చెప్పులకోసం చూస్తున్నాడు. లత వచ్చి నా పక్కన నిలబడింది. "మామా, ఆ మూలం ఫోన్లో పెట్టు, నేను చదువుతా" అంది.

ఏ దేశాన్నైనా మోసం చేయొచ్చు, మేనకోడల్ని కాదు. "మూలంలో లేదు తల్లీ. నేనే కలిపినా" అన్నాను.

వియ్యంకులిద్దరూ మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మనిద్దర్నీ తిట్టింది ఒక్కడేనబ్బా" అన్నాడు ఓబులేసు.

"అవునన్నా. నలభై ఏండ్లుగా నేనే పడతాండా, ఈ పొద్దు నీకూ తగిలింది."

శత్రువు ఒకడైతే సంధి ఎంతసేపు? పెండ్లి చీరకు రంగప్ప గూళ్ల పట్టు, ఓబులేసు మగ్గం అని తేలింది. ఓబులేసు పక్కన కూర్చున్న రమేష్ అమ్మ చివర్లో తీర్పు చెప్పింది. "రెండిండ్ల మధ్య రాకపోకలకు అడ్డం వద్దు. ఈయన కలిపే మాటకు మాత్రం సుంకం పెట్టండి."

తమాషాకన్నారనుకున్నాను. పెండ్లి భోజనాల్లో లేచి, ఈ సంబంధం కోసం బస్సులో పోయిన నేను పెనుకొండకు కాలినడకన పోయానని చెప్పి కూర్చున్నాను. బొబ్బట్లను మా సీమలో ఓళిగలంటాం; ఆ ఓళిగల గిన్నె నా ఆకు దాటి పోయింది. "ఇదేందమ్మా" అంటే, "సుంకం" అంది మా చెల్లెలు, వెనక్కి కూడా తిరగకుండా.

కాబట్టి అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. మూలంలో లేని మాట ఇకమీద నా కలం దాటదు. నా ఆకులో పడని ఆ ఓళిగల మీద ఒట్టు.