సముద్రానికి లేని చట్టం

మా బావ చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదని టెలిగ్రాం వచ్చేనాటికి నేను భిలాయిలో, ఉక్కు కర్మాగారం గేటు దగ్గర టైం ఆఫీసులో గుమాస్తాని. చైనా యుద్ధం అయిన మరుసటి ఏడు. దేశం మొత్తం కొండలకేసి చూస్తూ కూర్చుంది. సముద్రం ఊసెత్తేవాడు లేడు.

వారం తిరక్కుండానే మా అక్క, మేం అప్ప అంటాం, భిలాయి పవర్ హౌస్ రైల్వే స్టేషన్లో దిగింది. భీమిలి పక్కన మా పల్లె నుంచి ఏనాడూ విజయనగరం దాటని మనిషి, రాయపూర్‌లో బండి మారి ఒంటరిగా వచ్చేసింది. రిక్షాలో కూర్చోగానే మొదలుపెట్టింది.

"ఎవుల్ని అడిగినా మాది కాదంటే మాది కాదంతన్నారురా. పోలీసోళ్ళు గట్టుదాకే మా పనంతారు. రేవోళ్ళు రేవులోకి వొచ్చిన ఓడలే మా పనంతారు. యుద్ధవోడల గేటుకాడికెల్తే, ఇది మాకు సెప్పాల్సింది కాదమ్మా అన్నాడు సెంట్రీ. మరి మీ బావ ఎవుల సముద్రంలో ఉన్నాడ్రా?"

ఈదురుగాలికి కొట్టుకుపోయిన నావలు ఒక్కోసారి ఒరిస్సాలో గోపాల్‌పూర్ దిక్కున తేలడం మా పల్లెలో అందరికీ తెలిసిన సంగతే. అందుకే నాకు ఆశ చావలేదు. ఎవరైనా వెతికితే దొరుకుతాడు. వెతకాలి, అంతే.

మర్నాడు అన్నాల దగ్గర మా ఆవిడ, అప్ప మనసు కాస్త మళ్ళిద్దామని, మా గేటు కథ ఎత్తుకుంది. లోపలికెళ్ళే ప్రతివాడూ తన నంబరున్న ఇత్తడి టోకెన్ బిళ్ళ తీసుకెళ్ళి, షిఫ్టు దిగాక తెచ్చి తన మేకుకి తగిలించాలి. ఆ నెలలో ఓ రోజు ఒక మేకు ఖాళీగా మిగిలిపోయింది. ఇంకేముంది, ఫోర్‌మన్ పరుగులు, వర్క్‌షాపంతా గాలింపు. చివరికి ఆ మహానుభావుడు ఇటుకల గుట్ట వెనక గుర్రుపెట్టి నిద్రపోతూ దొరికాడు. మేం నవ్వాం. అప్ప నవ్వలేదు. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది.

"ఒక్క మనిషి కనబడకపోతే అంతమందీ ఎతికేరేట్రా? ఎవులు ఎతకమన్నారు?"

"ఒకరు చెప్పేదేముంది అప్పా, రూలు. పనివాళ్ళ భద్రతకి చట్టం ఉంది. అందుకోసం జీతాలిచ్చి మనుషుల్ని పెట్టారు."

"అలాటి సట్టం సముద్రానికి ఎందుకు నేదు? నువ్వు సదువుకున్నోడివి. సర్కారు ఉజ్జోగం. డిల్లీకి రాయి."

రాశాను. నా బతుకులో అంత బాగా ఇంకేదీ రాయలేదు. తీరం పొడుగునా కాపలాకి ఒక దళం కావాలని, దానికి ఓడలు, మనుషులు, ఏటేటా బడ్జెట్లో డబ్బు కావాలని, ఎవరు ఎప్పుడు బయల్దేరాలో చెప్పే చట్టం కావాలని, అన్నిటికంటే ముందు మా బావ నావని వెతికించమని, నాలుగు పేజీలు. ఆ తర్వాత చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. కాగితం నెత్తిన "త్రూ ప్రాపర్ ఛానల్" అని టైపు కొట్టి మా సెక్షన్లో ఇచ్చాను! సెలవు కావాలన్నా, క్వార్టరు కావాలన్నా, ఇంట్లో కొళాయి కారుతున్నా, ఆ మాట పెట్టి పైవాళ్ళ ద్వారా పంపందే కాగితం కదలదని మా ఒంట్లో జీర్ణించుకుపోయింది. పోస్టు డబ్బా మా వీధి మలుపులోనే ఉంది. దాని పక్కనుంచే సైకిలు తొక్కుకుంటూ వెళ్ళాను, వెధవని.

ఇరవై రెండు రోజులు. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి అప్ప రోజూ గుమ్మంలో నిలబడి ఉండేది. "జవాబు వొచ్చిందేట్రా?" పై టేబులు మీద ఉందట అప్పా, అనేవాణ్ణి. ఇరవై మూడో రోజున హెడ్ క్లర్కు పిలిచి నా నాలుగు పేజీలూ నా చేతిలోనే పెట్టాడు.

"అరే భయ్యా, యే సముందర్ కిస్ సెక్షన్ మే ఆతా హై?"

సముద్రం ఏ సెక్షన్ కిందికి వస్తుందట! ఆయన వెటకారం చెయ్యలేదు, పాపం. నిజంగానే ఏ ఫైల్లో పెట్టాలో తెలియక అన్ని రోజులూ తిప్పాడు. మార్జిన్లో ఎర్రసిరాతో "టోకెన్ నంబరు రాయలేదు" అని కూడా ఉంది. ఆయన్నేమని తిట్టను? తప్పు నాది.

ఆ పూటే పోస్టులో వేశాను. మరో నెలకి ఢిల్లీ నుంచి జవాబొచ్చింది. మర్యాదగానే రాశారు. అలాంటి దళం ప్రస్తుతానికి లేదు, పార్లమెంటు చట్టం చెయ్యాలి, నిధులు మంజూరు కావాలి, మీ సూచన గమనించడమైనది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడేళ్ళు ఏ కబురూ లేని మనిషిని పోయినట్టు లెక్కగట్టడానికి చట్టం ఉందని దుర్గ్ కోర్టులో వకీలు ఒకాయన చెప్పాడు. ప్రాణాలతో ఉండగా వెతకడానికి మాత్రం లేదు. ఏం చట్టాలయ్యా ఇవి!

ఉత్తరం తెలుగులో చెప్పి, ఇక దాచుకోలేక ఏడ్చేశాను. "బావని నేనే చంపేశానప్పా. ఆ ఇరవై రెండు రోజులూ నేనే..."

అప్పకి చదవడం రాదు. అయినా ఉత్తరం తీసుకుని అక్షరాలకేసి కాసేపు చూసింది.

"నావలో కుండెడు నీళ్ళేరా. నాలుగు రోజులకొత్తాయి. నాను రైలెక్కీసరికే అయిపోయుంతాయని నాకు తెల్దేటి?"

"మరెందుకొచ్చావు? నాచేత ఎందుకు రాయించావు?"

"మనూళ్ళో ఇంకా నలబై నావలున్నాయి కదరా," అంది. కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "మళ్ళీ రాయి. ఈపాలి మీ ఆపీసులో ఇవ్వకు. డబ్బాలో ఎయ్యి."