ఎత్తు, ఇడుచు

చీర అంచు మీద మామిడిపిందె దించాలంటే ధర్మవరంలో మా నాయన సుబ్బన్న తర్వాతే ఎవరైనా. కాగితం మీద బొమ్మ ఉండేది కాదు. "మూడెత్తు, రెండిడుచు" అని ఆయన చెబుతుంటే మగ్గం మీది పడుగులో, అంటే నిలువు దారాల్లో, మూడు ఎత్తి, రెండు విడిచేదాన్ని నేను.

1962లో ఆయన కుడిచేయి వణకడం మొదలైంది. నేత నేను అందుకున్నాను. ఆ తర్వాత మాట కూడా తడబడింది. ఎత్తు అనాల్సిన చోట ఇడుచు అనేవాడు, ఇడుచు బదులు ఎత్తు. పిందెలన్నీ వంకరపోయాయి. "బుద్ధి పాయనంట సుబ్బన్నకు" అని వీధంతా అనుకున్నారు. నిజం చెప్పొద్దూ, నేనూ అదే అనుకుని విసుక్కున్నాను.

హిందూపురం డాక్టరు, వణుకు ఏ పక్క మొదలైందని అడిగాడు. "కుడిపక్కను నడిపేది మెదడులో ఎడమభాగం. చాలామందికి మాటలూ అక్కడే ఉంటాయి. అందరికీ ఇట్లే అవుతుందని చెప్పలేను. కానీ మాట తప్పితే బుద్ధి పోయినట్టు కాదమ్మా" అన్నాడు.

నాకు మా మేనత్త తిప్పమ్మ గుర్తొచ్చింది. ఆమెకు వణికింది ఎడమచేయి. మాటల్లో ఆమెను గెలిచేవాళ్లు వాళ్ల ఊరు బత్తలపల్లిలోనే లేరు. ముగ్గు వేస్తే మాత్రం మూలలు కలిసేవి కావు. మాట ఒక పక్క, బొమ్మ ఇంకో పక్క ఉంటాయేమో, నాయనకు తప్పింది మాటే అయితే బొమ్మ ఉండాలి కదా అనిపించింది.

ఇంటికి రాగానే నాయన ముందు చింతపిక్కలు పోశాను.

"చెప్పొద్దు నాయనా, పరిచి చూపీ. ఎత్తేదానికి పిక్క పెట్టు, ఇడిచేదానికి ఖాళీ ఇడుచు."

ఆయన ఎడమచేత్తో వరస కింద వరస పేర్చాడు. ఎక్కడా ఆగలేదు. తొడిమతో సహా నిండు పిందె నేల మీద లేచింది. ఇంత బొమ్మ ఆ తలలో చెక్కుచెదరకుండా ఉంటే, బుద్ధి పోయిందన్న నా నోటికి ఏం చెప్పుకోను?

మరునాడు పట్టు ఇచ్చే షావుకారు రంగయ్య వచ్చాడు. "ఇంక నీతో కాదు లేప్పా సుబ్బన్నా, పట్టు వేరేవాళ్లకు ఇస్తా" అంటూ మగ్గం పక్కనున్న పట్టు మూట చేతిలోకి తీసుకున్నాడు. అది పోతే మా మగ్గం ఆగిపోయినట్టే.

నాయన "ఎత్తు! ఎత్తు!" అని అరిచాడు.

"ఆయనే ఎత్తమంటాండాడు గదమ్మా నీలావతీ" అన్నాడు రంగయ్య.

నేను వాకిలికి అడ్డం నిలబడ్డాను. "మా నాయన ఎత్తు అంటే ఇడుచు అని. ముందు ఆడ నేల చూడప్పా, నిన్న ఆయన పేర్చిన పిందె అట్లే ఉంది."

రంగయ్య చూశాడు. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క వరసా వేలితో లెక్కపెట్టాడు. ఒక్క పిక్క తప్పలేదు.

"ఎత్తినా సుబ్బన్నా, ఎత్తినా" అంటూ మూట కింద పెట్టాడు.