ముక్కుతాడు ఉన్న ఎలుగుబంటి టోపీ

మా చిన్నప్పుడు... అరవైల్లో ఒక చలికాలం, ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు, బోధన్‌లో ఇంజినీరు గారి బంగళాలో, మా అవ్వ అల్లిన ఎలుగుబంటి టోపీ అందరి ముందూ ఊడిపోయింది.

అవ్వ అంటే మా అమ్మ. మా వైపు అలాగే పిలుస్తాం. బాపు చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బండ్లు తూచే కాటా దగ్గర పనిచేసేవాడు. ఇంజినీరు గారిది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. వాళ్ల బంగళా మా లైను ఇళ్లకు ఎదురుగానే ఉండేది... కానీ మేమెప్పుడూ వెనక వాకిలి దాకానే.

అవ్వకు క్రోషియా పని వచ్చు. పక్కింటి మరాఠీ ఆమె దగ్గర నేర్చుకుంది. కొన వంగిన చిన్న సూది, కొంచెం ఊలు ఉంటే చాలు, మాట్లాడుతూనే అల్లేది. చలి ముదిరేసరికి మా లైనులో ప్రతి పసిపిల్ల నెత్తిమీదా అవ్వ టోపీ ఉండేది. కుందేలు చెవులు, చిలుక ముక్కు, పిల్లి మీసాలు...

అవి చూసి ఇంజినీరు గారి భార్య కబురు పెట్టింది. బాబుకు మొదటి పుట్టినరోజు. గోధుమరంగు ఊలు తనే ఇచ్చింది.

"ఎలుగుబంటి టోపీ కావాలమ్మా. అచ్చం ఎలుగుబంటిలాగే ఉండాలి. ఆ రోజు నువ్వే వచ్చి బాబుకి పెట్టాలి, సరేనా?"

ముందు వాకిట్లోంచి రమ్మని పిలుపు. అవ్వకు టోపీ కంటే అది పెద్ద సంగతి. లైనంతా చెప్పుకొచ్చింది.

ఎలుగుబంటిని అవ్వ చూసింది ఒక్క చోటే. గానుగ సీజన్లో చెరకు బండ్లు ఫ్యాక్టరీ గేటు నుంచి రోడ్డు పొడవునా నిలబడేవి. ఆ జనం కోసం రెంజల్ వైపు నుంచి ఒకాయన ముక్కుకు తాడు వేసిన ఎలుగుబంటిని సలాం కొట్టిస్తూ ఆడించుకుంటూ వచ్చేవాడు. జడుసుకునే పిల్లలను తల్లులు దాని వీపు మీద కూర్చోబెట్టేవారు... భయం పోతుందని. నన్నూ కూర్చోబెట్టారు.

అవ్వ అల్లిన టోపీకి గుండ్రటి చెవులు, ముందుకు పొడుచుకొచ్చిన మూతి, నల్ల గుండీతో ముక్కు... ఆ ముక్కు కింద నుంచి జానెడు ఊలు తాడు.

"గిప్పుడు అచ్చం గుడ్డెలుగే," అని బాపుకు చూపించింది.

బాపు తాడు పట్టుకొని "నడువ్, దొరకు సలాం కొట్టు" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. మా ఇంట్లో ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు.

ఆదివారం అవ్వ పెళ్లి చీర కట్టుకుంది. నా నెత్తికి నూనె పెట్టి జడ బిగించి వేసింది. ముందు వాకిట్లోంచే లోపలికి పోయాం. బాబును ఒళ్లో కూర్చోబెట్టుకొని అవ్వ టోపీ పెట్టింది.

అందరూ వంగి చూశారు. తర్వాత చుట్టాల్లో ఒకామె బాబు తల్లితో అంది...

"ముక్కుకి ఆ తాడేమిటే? మీవాణ్ణి వీధుల్లో ఆడించి అడుక్కుంటావా ఏమిటి?"

హాలంతా నవ్వు. ఎవరో పళ్లెం మీద డప్పు కూడా వాయించారు. ఇంజినీరు గారి భార్య నవ్వలేదు. "నేనిలా చెప్పలేదే..." అంది. అవ్వతో కాదు, వాళ్లతో.

"తాడు కత్తిరించేస్తే సరి," అని ఆ చుట్టమే కత్తెర తెచ్చింది.

"వద్దమ్మా, కొయ్యకుండ్రి... గదంత ఒక్కటే దారం..."

అవ్వ మాట పూర్తి కాకముందే తాడు తెగింది. మూతి అల్లిన దారాన్నే అవ్వ తాడుగా సాగదీసింది. తెగిన చోట పోగు వేలాడింది. బాబు దాన్ని పట్టుకొని లాగాడు. గుండీ రాలి కుర్చీ కిందికి దొర్లింది. మూతి పోయింది. వాడు కిలకిలా నవ్వుతూ ఇంకా లాగాడు... టోపీ నుదుటి దాకా విప్పుకుంది.

అవ్వ మిగిలిన టోపీ తీసి, బాబును తల్లికిచ్చి, మోకాళ్ల మీద కూర్చొని, నేలమీది ఊలును వేళ్లకు చుట్టుకుంది. "తప్పయింది దొర్సానీ," అన్నది. నేను నా కాళ్ల వైపే చూస్తూ నిలబడ్డాను.

తిరిగొచ్చేటప్పుడు వెనక వాకిట్లోంచి వచ్చాం. ఎవరూ చెప్పలేదు... అవ్వే అటు తిరిగింది.

ఊలు వాళ్లు అడగలేదు. అవ్వ దానితోనే మా చిన్న తమ్ముడికి అదే టోపీ అల్లింది. మళ్లీ తాడుతో.

"మల్ల తాడెందుకే అవ్వా? అందరు నవ్వుతరు," అని ఏడ్చాను.

"తాడు లేకుంటె గది అడివి గుడ్డెలుగైతది బిడ్డా... మీద వడి పీకుతది. తాడున్నదే పిల్లగాండ్లను కాసేది. గా దొర్సానికి గదెట్ల చెప్పాల్నో నాకు రాలె."

ఆ చలికాలమంతా తమ్ముణ్ణి చంకనేసుకొని తిప్పింది నేనే. బంగళా దగ్గరికి రాగానే టోపీని చేత్తో కప్పేసేదాన్ని. అయినా పిల్లలు "గుడ్డెలుగొచ్చింది రో... సలాం కొట్టు రా!" అని వెంటపడేవారు. నేను సిగ్గుతో చస్తుంటే తమ్ముడు నిజంగానే సలాం కొట్టేవాడు.

ఇప్పుడు ఎలుగుబంట్లను ఆడించేవాళ్లు లేరు. అది మంచికే. ఆ తాడు వాటికి ఎంత నొప్పో అప్పుడు మాకు తెలియదు. పిల్లల టోపీలు ఫోన్లో నొక్కితే ఇంటికొస్తున్నాయి... అన్ని ఎలుగుబంట్లకూ ఒకటే ముఖం.

తమ్ముడికి మనవడు పుట్టాడు. టోపీ నేనే అల్లుతున్నాను. తమ్ముడి కూతురు నిన్న ఫోన్ చేసింది.

"అత్తమ్మా, తాడు మాత్రం పెట్టకు. మా అత్తగారోళ్లు నవ్వుతరు."

పక్క నుంచి తమ్ముడి గొంతు... "పెట్టక్కా. లేకుంటె అడివిదైతది."

చలికాలంలో మీ నెత్తిమీద ఏ జంతువు ఉండేది? ఎవరు అల్లేవారు? రాయండి.

చెవులు, మూతి అయిపోయాయి. తాడు రేపు అల్లుతాను... ఈసారి వేరే దారంతో. ఎవరు కత్తిరించినా మూతి ఊడదు. పిల్లవాణ్ణి తొట్టెలలో వేసే ఉయ్యాల వేడుక ఆదివారం పొద్దున పదకొండు గంటలకు, బోధన్‌లో.