వాన ఏ శీర్షిక కింద?

చట్టాల పుస్తకాలు అచ్చువేసే ఆ సంస్థలో ఆవిడను అందరూ సూచికమ్మ అనేవారు. ఏ విషయం ఏ పేజీలో ఉందో అక్షరక్రమంలో చెప్పే పట్టిక ఒకటి పుస్తకం చివర ఉంటుంది. దాన్ని కూర్చడమే ఆవిడ పని. రాసినవారి పేరు అట్ట మీద ఉంటుంది, అచ్చువేసినవారి పేరు అట్ట అడుగున ఉంటుంది, సూచిక కూర్చినవారి పేరు ఎక్కడా ఉండదు. అందుకు ఆవిడ ఏనాడూ నొచ్చుకోలేదు. ఆవిడ బాధల్లా సూచిక సరిగా లేని పుస్తకాల గురించే. కష్టంలో ఉన్న మనిషి చట్టాన్ని మొదటి పేజీ నుంచి తీరిగ్గా చదువుకుంటూ రాడు. చివరి పేజీలు తిరగేస్తాడు. తన కష్టానికి తనకు తెలిసిన మాట అక్కడ కనబడకపోతే, ఆ పుస్తకంలో ఎంత న్యాయం ఉన్నా అతని పాలిట లేనట్టే. ఈ మాట చెబితే పెద్ద న్యాయవాదులు చిరునవ్వు నవ్వి, టీ తాగి వెళ్లిపోయేవారు. క్రమంగా వారికి చెప్పడం మానేసింది, నమ్మడం మాత్రం మానలేదు.

ఈసారి ఆవిడ చేతికి వచ్చింది అద్దె ఇళ్లలో ఉండేవారి హక్కుల పుస్తకం. అది న్యాయవాదుల కోసం రాసింది కాదు, అద్దెకుండేవారి కోసమే రాసింది. ఇలాంటిదొకటి తెండి తెండి అని ఆవిడ ఏళ్ల తరబడి సంపాదకుడి ప్రాణం తోడేసింది. తీరా పుస్తకం తయారయ్యాక ఆ సంపాదకుడే ఫోన్ చేసి, సోమవారం సాయంత్రం అది అచ్చుకు వెళ్తుందని, సూచిక అప్పటికి అందితే ఉంటుందని, లేకపోతే లేకుండానే పుస్తకం బయటికొస్తుందని చల్లగా చెప్పాడు. సూచిక లేకుండా వేసేదానికి అసలు వెయ్యడం దేనికని ఆవిడ అడిగింది. అచ్చు యంత్రం తన మాట వినదని అతను జవాబిచ్చాడు.

పని చేసుకోవడానికి ఆవిడకు ఇంట్లో ఉన్నది ఒక కిటికీ, దాని కింద ఒక బల్ల. కిటికీకి అవతల బాల్కనీ, బాల్కనీలో భర్త. లిఫ్టుల మరమ్మతులో జీవితమంతా గడిపి ఉద్యోగం నుంచి దిగిపోయిన ఆయనకు చేతులు ఊరుకోవు. ఆ భవనంలో ఎవరి ఫ్యాను మొరాయించినా అది తిన్నగా ఆ బాల్కనీకే చేరేది. ఒక సుత్తిదెబ్బకూ మరో దెబ్బకూ మధ్య ఖాళీ దొరికితే ఆయన దాన్ని మాటలతో నింపేవాడు. "అడ్వాన్సు తిరిగి ఇవ్వకపోవడం" దగ్గర ఆవిడ కలం ఆగిన ప్రతిసారీ, పైవాళ్ల ఫ్యానుకు బేరింగు ఎలా పోయిందో ఆయన మొదటి నుంచి వివరించేవాడు.

ఆ సోమవారానికి ఇంకా వారం పైనే ఉందనగా, ఒక ఆదివారం కూతురు వచ్చి ఈ భాగోతమంతా చూసింది. మర్నాటికల్లా తల్లికి హెడ్‌ఫోన్స్ పంపించి, ఏకాగ్రత కోసమే చేసిన సంగీతం వినిపించే సేవ ఒకదానికి చందా కట్టి, దాన్ని ఫోన్లో పెట్టే పద్ధతి చెప్పింది.

"ఇందులో పాటలూ మాటలూ ఉండవమ్మా. మనసు అటూ ఇటూ పోకుండా వెనకాల ఊరికే మోగుతూ ఉంటుంది. నాన్న సుత్తి కూడా వినబడదు."

"మీ నాన్నో?"

"నాన్న కూడా వినబడడు. దానికి వేరే చందా అక్కర్లేదు."

మొదటి రోజు నిజంగానే స్వర్గంలా గడిచింది. చెవుల్లో సన్నగా వాన కురుస్తుంటే రెండు అధ్యాయాలు పూర్తిచేసి, సంగీతానికి ఇంత శక్తి ఉందని తెలియక ఇన్నేళ్లు వృథా చేశానే అనుకుంది. రెండో రోజు బల్ల ముందు కూర్చుని అదే వాన కోసం వెతికింది. కనబడలేదు. "ఏకాగ్రత" కింద ఒక వాన ఉంది, "నిద్ర" కింద ఒకటి, "పసిపిల్లలు" కింద ఇంకొకటి. "ప్రకృతి" కింద మాత్రం వానే లేదు, కప్పలున్నాయి. ఓపిగ్గా అన్నీ వింటే, ఏకాగ్రత వానా పసిపిల్లల వానా ఒక్కటే అని తేలింది. బొమ్మలు మార్చి, పేర్లు మార్చి, రెండు చోట్ల కూర్చోబెట్టారు. ఒకచోట వెతికేవాడికి రెండోచోటు ఉందని చెప్పే దిక్కు లేదు. ఇంకెవరైనా అయితే ఏదో ఒక వాన పెట్టుకుని పనిలో పడేవారు. సూచికమ్మకు అది పొరపాటుగా కనబడలేదు, నేరంగా కనబడింది.

ఆ పైన "లోతైన ఏకాగ్రత", "గాఢ ఏకాగ్రత", "పరిపూర్ణ ఏకాగ్రత" అని మూడు కనబడ్డాయి. దేనికంటే ఏది లోతు? వింటే గానీ తెలియదు. విన్నాక రాసి పెట్టుకోకపోతే గుర్తుండదు. రాయడానికి చేతికందేంత దూరంలో, అద్దె పుస్తకం కోసం తెచ్చుకున్న తెల్ల కార్డులున్నాయి.

మధ్యలో ఆ సంగీత సంస్థకు ఒక ఉత్తరం కూడా రాసింది. శీర్షికల విభజనలో ఉండవలసిన న్యాయాన్ని గురించి, వినేవాడి హక్కును గురించి అందులో శాంతంగానే వివరించింది. క్షణాల్లో జవాబు వచ్చింది. ఆమె ఆనందమే తమ ఆశయమట; వానను ప్రేమించే ఆమె కోసం ప్రత్యేకంగా ఒక కొత్త శబ్దాల వరుస సిద్ధం చేశారట. తెరిస్తే అందులో తిమింగలాలు మూలుగుతున్నాయి. ఆవిడ పళ్లు కొరుక్కుంటూ ఇంకో కార్డు తీసింది.

సోమవారం ఉదయం భర్త సుత్తి పక్కన పెట్టి లోపలికి వచ్చాడు. ప్రతి పుస్తకానికీ ఆఖరి రోజున ఆయన చేసే పని ఒకటుంది: ఆవిడ రాసి పడేసిన కార్డులన్నీ నేల మీద పరుచుకుని అక్షరక్రమంలో పేర్చి ఇవ్వడం. కళ్లజోడు సవరించుకుని, కట్ట విప్పి, ఒక్కో కార్డూ చూస్తూ కాసేపు మాట్లాడకుండా ఉండిపోయాడు. ఆయన మాట్లాడకపోవడమే వింతగా తోచి ఆవిడ హెడ్‌ఫోన్స్ తీసింది.

"ఏమోయ్, అద్దె ఇంట్లో తిమింగలాన్ని పెట్టుకోవచ్చా?"

ఆయన ఇంకో రెండు కార్డులు తీశాడు.

"'అలలు, చూడుము సముద్రం.' 'గురక, పిల్లిది, చూడుము నిద్ర.' ఈ పిల్లి ఇంటివాళ్లదా, అద్దెకున్నవాళ్లదా?"

"అది వేరే కట్ట. ఇలా ఇవ్వండి."

"వేరే కట్టే లావుగా ఉంది. అసలు కట్ట ఏదీ?"

అసలు కట్ట బల్ల చివర ఉంది. మొదటి రోజు ఎంత ఉందో దానికి కాస్త అటూ ఇటూగా ఉంది. ఆయన దాన్ని ఒకసారీ దీన్ని ఒకసారీ చేతిలో తూచి చూసి, నవ్వడం ఆపేశాడు.

"నిన్నెవరడిగారు ఇది చెయ్యమని?"

"ఎవరూ అడగలేదు. అంత గందరగోళం చూస్తూ చూస్తూ ఎలా వదిలెయ్యమంటారు?"

"వాళ్ల గందరగోళం వాళ్లు పడతారు. ఇవాళ సోమవారం."

ఆ ముక్క ఆయన మెల్లగా అన్నందుకే ఆవిడకు ఎక్కువ మంట పుట్టింది. తన మీద తనకున్న కోపమంతా ఫోన్ మీదికి తిప్పి, ఆ చందా ఆ నిమిషమే రద్దు చెయ్యాలని కూర్చుంది. ఆపేస్తే చాలదా అని ఆయన అంటే, ఆపడం వేరు, మానడం వేరు అని కసిరింది. "ఖాతా"లో చూసింది, లేదు. "చందా"లో చూస్తే ఇంకా పెద్ద చందా కట్టమన్నారు. "సహాయం"లోకి వెళ్తే నిద్రపట్టడానికి సహాయం చేస్తామన్నారు. కూతురికి ఫోన్ చేసింది.

"నాకూ తెలీదమ్మా," అంది కూతురు. "నా చందా మానేద్దామని నేనే ఎప్పటినుంచో చూస్తున్నా. నీకు దొరికితే నాకూ చెప్పు."

చివరికి "మీ ప్రయాణం" అనే శీర్షిక కింద, "మరికొన్ని" అనే మాట వెనకాల, బూడిదరంగు అక్షరాల్లో దారి దొరికింది. అప్పుడు కూడా నిజంగానే వెళ్తున్నారా అని అడిగారు, మళ్లీ ఆలోచించుకోమన్నారు, కారణం చెప్పమన్నారు. వెళ్లిపోదలచుకున్న మనిషి "మీ ప్రయాణం" అన్న మాట కోసం ఎందుకు వెతుకుతాడు, వీళ్లను కన్నవాళ్లెవరు అని ఆవిడ గది దద్దరిల్లేలా తిట్టింది. తిడుతూనే, ఏదో తట్టినట్టు అసలు కట్ట లాక్కుని కార్డులు తిరగేసింది.

ఇంటివాళ్లు ఖాళీ చేయించే పద్ధతుల మీద బోలెడు కార్డులున్నాయి. అద్దెకున్నవాడు తనంతట తాను ఇల్లు వదిలి వెళ్లాలంటే ఏం చెయ్యాలో చెప్పే కార్డు ఒక్కటే ఉంది. దాని మీద, తన చేతిరాతలోనే, "గడువుకు పూర్వం ఒప్పంద పరిసమాప్తి" అని ఉంది. దస్తావేజుల్లో ఉండే మాటను ఉన్నదున్నట్టు దింపేసింది. ఇరుకు గదిలో, సామాన్లు సగం సర్దుకుని, పుస్తకం తిరగేసే ఏ మనిషికి తోస్తుంది ఆ మాట? ఆ కార్డును చాలాసేపు చూసింది. తర్వాత చింపి, కొత్తది తీసి "వెళ్లిపోవడం" అని రాసింది. "ఇల్లు మారడం" అని ఇంకొకటి, "ముందుగా ఖాళీ చెయ్యడం" అని మరొకటి రాసింది. మూడింటి మీదా అదే పేజీ వేసింది.

ఆ తర్వాత ఆవిడ రాస్తూ పోయింది, ఆయన నేల మీద పేరుస్తూ పోయాడు. ఎదురింట్లో కుక్కర్ కూసింది, మెట్ల మీద ఎవరో బీరువా ఈడ్చారు, పైవాళ్లు ఫ్యాను ఎప్పుడిస్తారని తలుపు కొట్టారు. ప్రతి చప్పుడుకూ ఆవిడ మొహం చిట్లించింది, ప్రతిసారీ వాక్యం మధ్యలోంచి మళ్లీ మొదలుపెట్టింది. పొద్దు వాలేసరికి అప్పీళ్లకు సంబంధించిన తొమ్మిదో అధ్యాయం తప్ప అంతా అయింది. సంపాదకుడికి ఫోన్ చేసి, రేపు ఉదయం వరకు ఆగమంది. ఆగడం కుదరదన్నాడు. అయితే సూచిక మొదట్లో ఒక వాక్యం వెయ్యమంది.

"తొమ్మిదో అధ్యాయం ఈ సూచికలో లేదు, ఆ అధ్యాయాన్ని పేజీ పేజీ చదువుకోవాలి, అని వెయ్యండి."

"అలా ఎవరైనా వేసుకుంటారా అమ్మా? సంస్థకు తలవంపులు."

"తలవంపులే. లేనిది ఉందనుకుని వెతికేవాడి తిప్పల కన్నా అదే నయం. తప్పు నాది, కావాలంటే అది కూడా వెయ్యండి."

వాక్యం వేస్తానని, తప్పెవరిదో మాత్రం వెయ్యనని అతను ఒప్పుకున్నాడు. సూచిక పంపించి, ఆవిడ బల్ల మీద మిగిలిన చెత్తనంతా ఒక మూలకు నెట్టింది. బాల్కనీలో ఆయన మళ్లీ పైవాళ్ల ఫ్యాను విప్పాడు. తొమ్మిదో అధ్యాయం తెరిచి, తెల్లకార్డు మీద "తీర్పు నచ్చకపోతే" అని ఆవిడ మొదటి శీర్షిక రాసుకుంది. రెండో ముద్రణ ఎప్పుడు వేస్తారో, అసలు వేస్తారో లేదో, ఆవిడ సంపాదకుణ్ని అడగనే లేదు.