నేను దాచిన మాత్రలు, నా పాప వణుకు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, అందరికీ వందనాలు. నేను కుర్చీలో కూర్చునే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి, చాలా అలిసిపోయి ఉన్నాను. రెండేళ్ళ క్రితం ఇదే మైకు పట్టుకుని, నా నడుము నొప్పిని దేవుడు తీసేశాడని సాక్ష్యం చెప్పాను, మీరంతా చప్పట్లు కొట్టారు. ఆ సాక్ష్యం నిజం కాదని ఒప్పుకోవడానికే ఈ రోజు వచ్చాను.

ఈ చివర హౌగాంగ్‌లో ఇల్లు, ఆ చివర తంజోంగ్ పగార్‌లో ఆఫీసు, రోజూ రైల్లో నిలబడి నిలబడి నడుము పడిపోయేది. మన దేశం నుంచి ఇక్కడికి ఎవరొచ్చినా సూట్‌కేసులో ఆవకాయ పక్కన మా పిన్ని నొప్పి మాత్రలు పంపేది, మన ఇళ్ళలో ఉన్న అలవాటే కదా! డాక్టరు చీటీ లేకుండా కొన్న మాత్రలు. వాటిలో నల్లమందు జాతి మందు ఉందని నాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. అవి మొదలుపెట్టిన వారమే ఇక్కడ ప్రార్థన చేయించుకున్నాను, నొప్పి పోయింది, ఆ సంతోషంలో లేచి చెప్పేశాను. తర్వాత మాత్రలు మానితే ఒళ్ళంతా పీకేది, చెమటలు పట్టేవి, మళ్ళీ వేసుకునేదాన్ని. స్వస్థత పొందానని అందరి ముందు చెప్పినదాన్ని, ఇంకా మాత్రలు మింగుతున్నానని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? మా వారికీ చెప్పలేదు. కడుపుతో ఉన్నప్పుడు క్లినిక్‌కు వెళ్ళిన ప్రతిసారీ ఏమేం మందులు వాడుతున్నారని అడిగారు, విటమిన్లేనని చెప్పాను.

పాప పుట్టింది. రెండో రోజు మధ్యాహ్నం నుంచి ఏడుపు, మామూలు ఏడుపు కాదు, సన్నగా, కీచుగా, ఎత్తుకున్నా ఆగనిది! చేతులు వణికేవి, ఒళ్ళు బిగుసుకునేది, పాలు పట్టబోతే తాగలేకపోయేది, విరేచనాలు, తుమ్ములు, పది నిమిషాలు నిద్రపోతే గొప్ప. ఒంట్లో చక్కెర చూశారు, ఇన్ఫెక్షనేమోనని ఆ చిన్న చేతి నుంచి రెండుసార్లు రక్తం తీశారు, ఏమీ దొరకలేదు. ఇక వెన్ను నుంచి నీరు తీసి చూడాలని, సంతకం పెట్టమని కాగితం తెచ్చారు. మా వారు పెన్ను తీశారు. నేనేం ప్రార్థించానో తెలుసా? "ప్రభువా, నా పాపను ముట్టు, కానీ నా నోరు మాత్రం తెరిపించకు." సిగ్గుపడుతూ చెబుతున్నాను, అదే నా ప్రార్థన.

ఆ ఆస్పత్రిలో సరోజ ఆంటీ అని నర్సు ఉండేవారు, మలేసియాలో పుట్టిన తెలుగావిడ, మాట చివర 'లా' అనడం అక్కడి అలవాటు. నా పక్కన కూర్చుని మెల్లగా అన్నారు: "అమ్మా, ఇట్లాంటి ఏడుపు నేను ముందు చూసినాను. నువ్వేమైనా మాత్ర వేసుకుంటా ఉన్నావా? చెప్పు, ఎవరూ స్కోల్డ్ చెయ్యరు లా."

సహోదరులారా, అప్పుడు నా గుండె పగిలింది. "ప్రభువా, నా పరువు పోతే పోనీ, బిడ్డ బాధ తీరనీ" అని, బ్యాగులోంచి ఆ మాత్రల అట్ట తీసి ఆమె చేతిలో పెట్టాను.

డాక్టరమ్మ వచ్చి విడమరిచి చెప్పింది. పాపకు ఇది వ్యసనం కాదట, కడుపులో ఉన్నన్నాళ్ళూ అందిన మందు పుట్టగానే ఒక్కసారిగా ఆగిపోతే శరీరం పడే అవస్థ అట. ఏడుపు, వణుకు, బిగుసుకోవడం వేరే జబ్బుల్లోనూ ఉంటాయి, తల్లి ఆ మందు వాడిందని తెలిస్తేనే వాటన్నిటినీ కలిపి ఇది ఆ అవస్థేనని పేరు పెట్టగలమంది. అంటే ఆ జబ్బు పేరు రెండు రోజులుగా నా బ్యాగులోనే ఉంది! మిగతా పరీక్షలు బాగానే ఉన్నాయి కాబట్టి వెన్నుకు సూది అక్కర్లేదన్నారు.

మా వారు ఒక్క మాటే అన్నారు: "నాతోనైనా చెప్పొచ్చు కదే." అని చొక్కా గుండీలు విప్పి పాపను గుండెకు హత్తుకున్నారు. లైట్లు తగ్గించి, మెత్తగా చుట్టి, వంతులేసుకుని ఎత్తుకున్నాం, కొన్నాళ్ళు బొట్టు బొట్టుగా మందు కూడా పోశారు. మూడో వారానికి నా తల్లి కడుపునిండా పాలు తాగి నిద్రపోయింది. దేవునికే స్తోత్రం! నాకు కూడా ఉన్నట్టుండి ఆపకుండా, డాక్టర్లే నెలల తరబడి తగ్గిస్తూ మాన్పించారు.

ఇదిగో, పాప మా వారి ఒళ్ళో బిస్కెట్టు తింటోంది. మీలో ఎవరి బ్యాగులోనైనా అలాంటి అట్ట ఉంటే, ముఖ్యంగా కడుపుతో ఉన్న నా చెల్లెళ్ళారా, మీ అంతట మీరే ఆపేయకండి, దాచుకోకండి, వెళ్ళి డాక్టరుకు చూపించండి. సిగ్గును దేవుడి చేతిలో పెట్టండి, ఆయన మోస్తాడు, నాది మోశాడు.

ఈసారి సాక్ష్యం మాత్రం సరిగ్గా చెబుతాను. నా నడుము నొప్పి పోలేదు. ఇప్పుడు కూడా నొప్పిగానే ఉంది, అందుకే కూర్చుని మాట్లాడుతున్నాను, ఇందాక అలిసిపోయానన్నది సాకే. అయినా దేవునికే మహిమ.