నారింజల పెయింటర్

మీరు ఈ మనిషిని తప్పకుండా కలవాల్సిందే! బస్సులకు, కార్లకు రంగు కొట్టే షెడ్డులో హెడ్ పెయింటర్. జేబులో ఎప్పుడూ నారింజపండు ఉంటుంది కాబట్టి అందరికీ ఆయన నారింజల పెయింటరే.

ఎప్పుడో హెల్త్ క్యాంపుకి వచ్చిన డాక్టరమ్మ చెప్పింది. రంగుల్లోని విషపు రసాయనాలు ఒంట్లో చేరి, కణాల్లోని జన్యువులను దెబ్బతీస్తాయట. పళ్లలోని విటమిన్ సి, గింజల్లోని విటమిన్ ఇ లాంటివి ఆ దెబ్బను కొంత అడ్డుకుంటాయట. ఆ "కొంత" అన్న మాట మాత్రం ఆయన చెవికెక్కలేదు.

ఇంకేముంది, మాస్కు గడ్డం కిందికి దిగిపోయింది! "పండు తినండ్రా, గుండెల మీద చెయ్యేసుకుని రంగు చిమ్మే గన్ను పట్టండి" అని షెడ్డంతా ప్రచారం. చేతికంటిన రంగును రంగును పలచన చేసే థిన్నర్‌లో ముంచిన గుడ్డతో తుడుచుకుని, అదే చేత్తో పండు వలిచి తలా ఓ తొన పంచేవాడు. థిన్నర్‌తో తుడిస్తే చెయ్యి శుభ్రమైపోయినట్టే అని అక్కడ అందరి నమ్మకం. ఆ ధైర్యంతోనే పెళ్లయిన కూతురిని కూడా తెచ్చి, బస్సు కిటికీలకు రంగు అంటకుండా టేపు అంటించే పనిలో పెట్టాడు.

ల్యాబులో పనిచేసే మేనకోడలు ఆయన బుగ్గ లోపల గీకి కణాలు తీసుకెళ్లింది, రంగుల దెబ్బ ఏమైనా తగిలిందేమో చూద్దామని. ఇవాళ పొద్దున ఫోన్ చేసింది.

"మామయ్యా, కూర్చుని విను. నీ కణాల్లో కేంద్రకం పక్కన చిన్న చిన్న ముక్కలు కనిపిస్తున్నాయి. మామూలుకన్నా చాలా ఎక్కువ. జన్యువులు దెబ్బతింటున్నట్టు."

"రోజూ నారింజ తింటున్నా కదే!"

"తిను, మంచిదే. కానీ నువ్వు పీల్చేదంతా పండు ఆపుతుందా? జబ్బు వచ్చేసిందని కాదు మామయ్యా, ఇలాగే పీలుస్తూ ఉంటే మాత్రం ముప్పే. అవునూ, పండు ఏ చేత్తో వలుస్తున్నావు? థిన్నర్‌తో తుడిచిన చేత్తోనేనా? అదీ విషమే!"

ఆయన ఫోన్ పెట్టేశాడు. ఎవరికీ చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

మధ్యాహ్నం కూతురు పరిగెత్తుకొచ్చి చెవిలో చెప్పింది. "నాన్నా, నువ్వు తాతవవుతున్నావు!"

ఆయన గుండె ఒక్కసారి పొంగింది, వెంటనే జారిపోయింది. సరిగ్గా అప్పుడే గాలిని బయటికి తోసే పెద్ద ఫ్యాన్ కీచుమని ఆగిపోయింది. ఓనర్ తలుపు దగ్గరి నుంచే కేకేశాడు. "ఫ్యాన్ సంగతి రేపు చూద్దాం! సాయంత్రానికి బస్సు బయటికి పోవాలి, కానివ్వండి!"

గన్నులు బుస్సుమన్నాయి. కళ్లు మండుతున్నాయి, గొంతు పట్టేస్తోంది. ఆ పొగలోనే కూతురు టేపు చుట్ట పట్టుకుని బస్సెక్కబోయింది.

"నువ్వు బయటికి పో తల్లీ."

"ఎందుకు? పొద్దున్నే రెండు పళ్లు తిన్నాను. నువ్వే కదా చెప్పావు, ఇక ఏమీ కాదని!"

పక్కనున్న పెయింటర్ నవ్వాడు. "ఏం గురూ, నీ మంత్రం నీకే పనిచెయ్యడం లేదా?"

కూతురు ఒక కాలు మెట్టు మీద పెట్టింది. అంతే, ఆయన పరుగున వెళ్లి గన్నులకు గాలి పంపే కంప్రెసర్ స్విచ్ కట్టేశాడు. గన్నులన్నీ ఒక్కసారిగా మూగబోయాయి.

"మతి పోయిందేంటయ్యా?" ఓనర్ లోపలికి దూసుకొచ్చాడు.

"ఫ్యాన్ తిరిగేదాకా ఎవరూ గన్ను ముట్టుకోరు. మాస్కు లేకుండా అసలే ముట్టుకోరు. నేను చెప్పింది తప్పు. పండు తింటే చాలదు. నా బుగ్గలో కణాలే దెబ్బతిన్నాయి, పొద్దున తెలిసింది."

పక్క పెయింటర్ నోట్లో పెట్టుకోబోయిన తొనను చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు. ఓనర్ ఏదో తిడుతూనే ఉన్నాడు గానీ ఆయనకు వినపడలేదు. కూతురు మెట్టు దిగింది. తెలియకుండానే చెయ్యి కడుపు మీదికి పోయింది.

"ఇన్నాళ్లూ నన్ను ఇక్కడే ఉంచావు కదా నాన్నా. నా లోపల ఏమైనా అయ్యుంటుందా?"

ఏమీ కాదమ్మా అందామంటే, ఆ మాట ఇదివరకు చాలాసార్లు అనేశాడు. తెలియదు అందామంటే, ఆ కళ్లలోకి చూసి అనలేకపోయాడు.

ఆయన చోట మీరే ఉంటే, ఆ పిల్లకి ఏం చెప్పేవారు?